అరగని అన్నం, అందని ట్రయల్



ఈ ధర్మనిధి ఉపన్యాసంలో వైద్య పరిశోధనలో సామాన్యుడి స్థానం గురించి మాట్లాడమని నన్ను కోరారు. అంత పెద్ద విషయాన్ని గంటలో పైపైన తడమడం కంటే ఒక్క జబ్బును పట్టుకుని దాని వెంట నడిస్తే మేలనిపించింది. నేను ఎంచుకున్న జబ్బు పేరు గ్యాస్ట్రోపరేసిస్, అంటే అడ్డమేమీ లేకుండానే కడుపు ఖాళీ కావడం నెమ్మదించడం. పేరు మీలో చాలామంది విని ఉండరు, జబ్బును మాత్రం చూసే ఉంటారు. మనం ఈరోజు ఎవరిని తలుచుకుంటున్నామో ఆ డాక్టరుగారు నాడి చూడకముందే రోగిని ఒక మాట అడిగేవారు: "రాత్రి ఏం తిన్నావమ్మా, ఎన్నింటికి తిన్నావు?" ఈ జబ్బును పట్టుకోవడానికి ఈనాటికీ మొదటి ప్రశ్న అదే.

చిలకలూరిపేట పక్కనో పర్చూరు పక్కనో మిరప కోతలకు వెళ్ళే ఒకావిడను ఊహించుకోండి. షుగరు వచ్చి పదిహేనేళ్ళు దాటింది. నాలుగు ముద్దలు తినేసరికి పొట్ట నిండిపోతుంది. పొద్దున తిన్న అన్నం సాయంత్రం వాంతిలో మెతుకు మెతుకుగా కనబడుతుంది. వికారం, ఉబ్బరం, పొట్ట పైభాగాన నొప్పి. "అరగట్లేదండీ" అంటే ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాస్ అని బిళ్ళలిస్తాడు. గుంటూరు తీసుకొస్తే ఎండోస్కోపీ చేసి పుండు లేదు, అడ్డం లేదు అంటారు. ఆ మాట మంచిదే, అడ్డం లేదని తేలనిదే ఈ జబ్బు పేరు ఎత్తకూడదు. కానీ ఇంటికి చేరేసరికి ఆ మాట "నీకేం లేదన్నారుగా" అయిపోతుంది. అక్కడి నుంచి ఆవిడ బాధకు సాక్షి ఉండడు.

కడుపు గోడలో నిమిషానికి సుమారు 3 చొప్పున అలలు పుడుతుంటాయి. వాటిని పుట్టించే కణాలకు కాజల్ కణాలని పేరు. 1906లో నోబెల్ బహుమతి పొందిన స్పెయిన్ శాస్త్రవేత్త సాంటియాగో రమోన్ ఇ కాజల్ పేరు అది. మెదడు నుంచి దిగివచ్చే వేగస్ నాడి ఈ పనిని నడిపిస్తుంది. కడుపు కింది భాగం గ్రైండరులా అన్నాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్ల నలుసులయ్యేదాకా నలిపి, కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి వదులుతుంది. ఏళ్ళ తరబడి చక్కెర అదుపు తప్పితే ఆ కణాలూ దెబ్బతింటాయి, ఆ నాడీ దెబ్బతింటుంది. కొందరికి ఈ జబ్బు కడుపు ఆపరేషన్ల తర్వాత వస్తుంది. వెనకటి రోజుల్లో పుండు నయం కావడానికి వేగస్ నాడినే కత్తిరించేవారని ఈ సభలో ఉన్న పాతతరం సర్జన్లకు గుర్తుండే ఉంటుంది. మరెంతోమందికి కారణమే దొరకదు.

షుగరు రోగికి ఇది వాంతులతో ఆగదు. ఇన్సులిన్ వేసుకుని భోంచేస్తుంది. మందు రక్తంలోకి వెళ్ళిపోయింది, అన్నం కడుపులోనే నిలిచిపోయింది. కాసేపటికే చక్కెర పడిపోయి, చేలో కళ్ళు తిరిగి కూలబడుతుంది. రాత్రికి ఆ అన్నం నెమ్మదిగా కిందికి దిగుతుంది, తెల్లారి పరీక్షలో చక్కెర ఆకాశానికంటుతుంది. చూసిన డాక్టరు ఇన్సులిన్ మోతాదు పెంచుతాడు. మర్నాడు మళ్ళీ అదే కథ, ఇంకొంచెం ప్రమాదంగా.

ఎంతమందికి ఉంటుంది ఇది? అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు ఓమ్‌స్టెడ్ కౌంటీలో జనం వైద్య రికార్డులన్నీ వెతికి తీసిన లెక్కల ప్రకారం లక్షమంది మగవారిలో 9.6 మందికి, లక్షమంది ఆడవారిలో 37.8 మందికి ఉంది. పదేళ్ళ కాలంలో టైప్ 1 షుగరు రోగుల్లో సుమారు 5 శాతానికీ, టైప్ 2 వారిలో సుమారు 1 శాతానికీ వచ్చింది. అక్కడి శాతాన్ని ఇక్కడి జనంతో గుణించి జవాబు చెప్పడం శాస్త్రం కాదు. అయినా 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో షుగరు రోగులు 10 కోట్లకు పైనే అని తేల్చింది. అందులో ఎంత చిన్న పాలు తీసినా అది చిన్న సంఖ్య అవదు. ఆ పాలులో మన ఆడవాళ్ళే ఎక్కువ ఉంటారని అనుకోవడానికి కారణముంది.

ఇక మందుల సంగతి. అమెరికా ఔషధ సంస్థ ఈ జబ్బుకంటూ అనుమతించిన మందు దశాబ్దాలుగా ఒక్కటే, మెటోక్లోప్రమైడ్. దానిమీద కూడా 2009లో గట్టి హెచ్చరిక ముద్రించారు: 12 వారాలకు మించి వాడితే మూతి, నాలుక, చేతులు వాటంతటవే కదిలే జబ్బు రావచ్చు, అది తగ్గకపోవచ్చు. మనవాళ్ళు పరగడుపున వేసుకునే గ్యాస్ గొట్టం బిళ్ళలో ఉండే డోంపెరిడోన్‌కు అక్కడ మామూలు అనుమతే లేదు. సిసాప్రైడ్ అని ఇంకో మందుండేది. కడుపును కదిలించడంలో నిజంగా పనిచేసేది, డాక్టర్లు ఇష్టంగా రాసేవారు. గుండె లయ తప్పిన కేసులు 341, వాటిలో మరణాలు 80 అని అమెరికాలో 1999 చివరికి నమోదయ్యాక, 2000లో దాన్ని అక్కడి బజారు నుంచి తీసేశారు. మన దేశంలో నిషేధించింది 2011లో. ఈ రెంటి మధ్య పదకొండేళ్ళు మన పల్లెల్లో ఆ బిళ్ళ మింగినవారి లెక్క ఎవరు రాశారు?

అందుకే కొత్త మందు కావాలి, ఆ మందు మనుషుల మీద సరిగ్గా పరీక్షించి రావాలి. సరిగ్గా అనే మాటను నేను నొక్కి పలుకుతున్నాను. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2006లో ఈ ఒక్క జబ్బు కోసమే కొన్ని ఆసుపత్రులను కలిపి ఒక పరిశోధన బృందాన్ని ఏర్పాటు చేశాయి. కారణం తెలియని గ్యాస్ట్రోపరేసిస్‌కు నార్‌ట్రిప్టిలిన్ అనే పాత మందు పనిచేస్తుందని అప్పటికి చాలామంది డాక్టర్లు నమ్మి రాస్తున్నారు. బృందం 130 మంది రోగులను తీసుకుని సగంమందికి ఆ మందు, సగంమందికి మందులేని బిళ్ళ 15 వారాలు ఇచ్చింది. ఎవరికేది అందిందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. 2013లో ఫలితం అచ్చయింది. మందు మింగినవారిలో మెరుగుపడింది 23 శాతం, ఉత్త బిళ్ళ మింగినవారిలో 21 శాతం. అంటే తేడా లేదు. ఉత్త బిళ్ళ ఇవ్వడం రోగిని మోసం చేయడం కాదా అని మీటింగుల్లో నన్ను తరచూ అడుగుతారు. ఈ రెండు అంకెలే నా సమాధానం. ఆ ఉత్త బిళ్ళ లేకపోతే 23 శాతాన్ని చూసి మందు గెలిచిందని చాటేవాళ్ళం, లక్షలమందికి నోరెండిపోయే ఒక బిళ్ళను అనవసరంగా మింగించేవాళ్ళం. ఓడిపోయిన ఆ ట్రయల్‌లో చేరిన 130 మంది చేసిన మేలు చిన్నది కాదు.

తర్వాతా గెలుపులు తక్కువే. రెలమోరెలిన్ అనే కొత్త మందు చివరి దశ పరీక్షల మధ్యలో ఆగిపోయింది. ట్రాడిపిటాంట్ అనే ఇంకో మందును ఈ జబ్బుకు అనుమతించడానికి అమెరికా సంస్థ 2024లో ఒప్పుకోలేదు. నాకు ఆశ కలిగించిన ట్రయల్ మందుది కాదు, తిండిది. స్వీడన్‌లో 56 మంది షుగరు రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు తేలిగ్గా మెత్తని నలుసులయ్యే ఆహారం, రెండో గుంపుకు మామూలు షుగరు ఆహారం 20 వారాలు పెట్టారు. మెత్తని ఆహారం తిన్నవారికి వికారం, వాంతులు, ఉబ్బరం తగ్గాయి. 2014లో ప్రచురించారు. ఈ పరీక్ష మన తిండితో ఎందుకు చేయకూడదు? గోంగూర పీచు, చిక్కుడు పీచు, మునక్కాయ పీచు, గొడ్డుకారంలో నూనె, ఇవన్నీ నెమ్మదించిన కడుపుకు బరువే. మెత్తగా పిసికిన పెరుగన్నం, వడకట్టిన చారు, పలచని జావ కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టి చూసే ట్రయల్‌కు కోట్లు అక్కర్లేదు. గుంటూరు వైద్య కళాశాల 1946లో పుట్టింది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఇక్కడ కూర్చున్న పీజీ విద్యార్థుల్లో ఒకరైనా దీన్ని తమ థీసిస్‌గా తీసుకుంటారని నా కోరిక.

ట్రయల్స్ కావాలంటున్నాను కనుక, ఇప్పుడు చెప్పబోయే సంగతిని ఈ నేల మీద నిలబడి దాటేసే హక్కు నాకు లేదు. 2011లో, అప్పటికి గుంటూరు జిల్లాలోనే ఉన్న పిడుగురాళ్ళలో కూలి పనులు చేసుకునే పేద మహిళలను మధ్యవర్తులు డబ్బు ఆశ చూపి హైదరాబాదు తీసుకెళ్ళి, క్యాన్సరుకు వాడే మందు పరీక్షలో చేర్చారన్న విషయం బయటపడింది. ఆ మహిళలకు ఆ జబ్బు లేదు. ఒక కంపెనీ మందు ఇంకో కంపెనీ మందుతో సమానంగా రక్తంలో చేరుతుందా లేదా చూసే పరీక్షలకు ఆరోగ్యవంతులను తీసుకుంటారు, డబ్బు ఇస్తారు. అది చట్టం ఒప్పుకున్న పనే. కానీ సున్నపు బట్టీల ఊళ్ళో రోజుకూలికి వెతుక్కునే మనిషి, తనకు చదవడం రాని కాగితం మీద వేలిముద్ర వేస్తే దాన్ని ఒప్పుకోవడం అందామా? ఒళ్ళు నొప్పులని, గుండెలో నొప్పి అని వాళ్ళు చెప్పుకున్నాకే ఊరికి విషయం తెలిసింది. కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు ఆ పరీక్షలు నడిపిన సంస్థ అనుమతిని నిలిపివేశారు.

దానికి రెండేళ్ళ ముందు, 2009లో ఖమ్మం జిల్లాలో 14 వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణ చెప్పింది. ఆ టీకా మంచి టీకా, దాని మీద అనుమానం పెట్టుకోకండి. తప్పు జరిగింది ఒప్పుదల దగ్గర. తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని కఠినంగా తప్పుపట్టింది. అదే ఏడాది సుప్రీంకోర్టు కూడా దేశమంతటి ట్రయల్స్ మీద గట్టిగా మాట్లాడింది. ఆ ఒత్తిడి నుంచి వచ్చినవే 2019 మార్చిలో అమలైన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు.

పిడుగురాళ్ళ పేరు చెప్పి ట్రయల్ అంటేనే వద్దనేవారు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు. వారి భయాన్ని నేను గౌరవిస్తాను, వారి తీర్పును ఒప్పుకోను. పిడుగురాళ్ళకు మధ్యవర్తి వచ్చాడు, మనుషులను వెతుక్కుంటూ వచ్చాడు. వాంతులతో ఏళ్ళు గడుపుతున్న మనిషి తన జబ్బుకు ఎక్కడైనా ట్రయల్ జరుగుతోందా అని తానే వెతుక్కుంటూ వెళ్ళడం దానికి పూర్తిగా ఎదురు దిశ. మొదటిదాన్ని ఆపాలి, రెండోదానికి దారి వేయాలి. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. మిగతా సమయం ఆ దారి ఎలా ఉంటుందో చెప్తాను.

దారి ట్రయల్ దగ్గర మొదలవదు, పరీక్ష దగ్గర మొదలవుతుంది. కడుపు ఎంత వేగంగా ఖాళీ అవుతుందో కొలిచే పరీక్ష చేయించుకోనివారిని ఏ ట్రయల్ చేర్చుకోదు. 2008లో అమెరికా నిపుణులు కుదుర్చుకున్న పద్ధతిలో కోడిగుడ్డు తెల్లసొనలో కొద్దిపాటి టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపి, రొట్టెతో తినిపిస్తారు. గామా కెమెరాతో వెంటనే ఒకసారి, తర్వాత 1, 2, 4 గంటలకు ఫొటోలు తీస్తారు. 4 గంటల తర్వాత 10 శాతానికి మించి కడుపులో మిగిలితే జబ్బు ఉన్నట్టు. గుడ్డు తిననివారి కోసం శాకాహారంతో చేసే పద్ధతులను మన దేశపు వైద్యులూ రూపొందించారు. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న ఆసుపత్రిలోనే ఇది కుదురుతుంది. హైదరాబాదు నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో ఆ విభాగాలు ఉన్నాయి. వెళ్ళే ముందు ఒక్క ప్రశ్న ఫోనులో అడగండి: 4 గంటల ఫొటో తీస్తారా? రెండు గంటలకే ముగించిన పరీక్ష చాలా ట్రయల్స్‌లో చెల్లదు. రెండు మూడు రోజుల ముందే డోంపెరిడోన్, లెవోసల్పిరైడ్ లాంటివి డాక్టరుకు చెప్పి ఆపాలి. ఆ ఉదయం చక్కెర మరీ ఎక్కువగా ఉన్నా పరీక్ష తప్పు చూపిస్తుంది, ఎందుకంటే పెరిగిన చక్కెరే కడుపును నెమ్మదింపజేస్తుంది.

చేతిలో ఆ రిపోర్టు ఉన్నాక వెతకాల్సింది సీటీఆర్‌ఐ. ఇది మన దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ పట్టిక, 2007 జూలైలో మొదలైంది. 2009 జూన్ నుంచి మందుల ట్రయల్స్ అందులో నమోదు కావడం తప్పనిసరి. ఎవరైనా పైసా కట్టకుండా చూడవచ్చు. గ్యాస్ట్రోపరేసిస్ అని వెతికితే సరిపోదు. డయాబెటిక్ గ్యాస్ట్రోపరేసిస్ అనీ, గ్యాస్ట్రిక్ ఎంప్టీయింగ్ అనీ, జీ-పోయెమ్ అనీ విడివిడిగా వెతకాలి. జీ-పోయెమ్ అంటే ఎండోస్కోపీతో లోపలి నుంచి, కడుపు చిన్నపేగులోకి తెరుచుకునే చోట ఉండే పైలోరస్ కండరాన్ని కోసి వదులు చేసే చికిత్స, 2013 నుంచి వాడుకలోకి వచ్చింది. ఆయుర్వేద, హోమియో ట్రయల్సూ అదే పట్టికలో ఉంటాయి, చూసి గుర్తుపట్టాలి.

ప్రతి ట్రయల్‌కూ ఏడాది, నెల, వరుస సంఖ్యతో ఒక నంబరుంటుంది. ఆ పేజీలో నేను మొదట చూసేది చేర్చుకుంటున్నారా, ముగించారా అన్న గడి. రెండోది ఏ ఊళ్ళో ఏ ఆసుపత్రి అన్నది. మూడోది ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా అన్నది. ప్రధాన పరిశోధకుడి పేరు, ఫోను, మెయిలు అక్కడే ఉంటాయి. రోగి స్వయంగా ఫోను చేయవచ్చు, దానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. అయినా మన డాక్టరు చేత చేయిస్తే మేలు, ఎందుకంటే చేర్చుకునే షరతులు ఆయన చదివితే తొందరగా తెలుస్తాయి. షుగరు మూడు నెలల సగటు ఒక హద్దు దాటితే తీసుకోరు. పూర్వం కడుపు ఆపరేషను జరిగినా, నల్లమందు జాతి నొప్పి మందులు వాడుతున్నా తీసుకోరు. కొత్తగా వచ్చిన సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు కడుపునే నెమ్మదింపజేస్తాయి కనుక వాటినీ చూస్తారు. గర్భిణులను తీసుకోరు. ఈసీజీ తీసి గుండె లయ చూస్తారు, సిసాప్రైడ్ నేర్పిన పాఠం అది.

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి ట్రయల్ లింకులు పంపిస్తుంటారు. మన ప్రాంతంలో ఇంటికొకరు అక్కడున్నారు, ప్రేమతోనే పంపుతారు. కానీ రెండు వారాలకోసారి ఆసుపత్రికి రావాలి, ఏదైనా తేడా వస్తే ఆ రాత్రే అందుబాటులో ఉండాలి. విజిటరు వీసా మీద వెళ్ళిన అమ్మకు అది నడవదు. ఆ లింకు చదివి అదే మందుకు మన దేశంలో కేంద్రం ఉందా అని సీటీఆర్‌ఐలో చూడండి, వాళ్ళ శ్రమ అలా అక్కరకొస్తుంది.

చేరే ముందు ఇచ్చే కాగితం ఎన్ని పేజీలున్నా ఇంటికి తెచ్చుకోండి. తెలుగులో అడగండి, అది మీ హక్కు. చదవడం రాకపోతే ఆసుపత్రికి సంబంధం లేని ఒక చదువుకున్న సాక్షి ముందు చదివి వినిపించాలి. ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా బయటికి రావచ్చు, వచ్చినందుకు మామూలు వైద్యం ఆగకూడదు. ట్రయల్‌లో హాని జరిగితే, దానికి ట్రయల్ కారణం కాదని తేలేదాకా వైద్యం ఉచితం. తీవ్రమైన హానిని 24 గంటల్లో పైకి తెలపాలి. పరీక్షిస్తున్న మందుకు మిమ్మల్ని డబ్బు అడిగినా, చేర్పించడానికి కమిషనడిగినా లేచి వచ్చేయండి. ఎథిక్స్ కమిటీ ఫోను నంబరు కాగితం మీద ఉంటుంది. కనీసం 7 మంది ఉండే ఆ కమిటీలో డాక్టరు కాని మామూలు మనిషి ఒకరు ఉండి తీరాలని నిబంధన. ఈ సభలో ఉన్న రిటైరైన టీచర్లకు, లాయర్లకు నా విన్నపం: మీ దగ్గరి వైద్య కళాశాలల్లో ఆ కుర్చీల్లో కూర్చోండి. కూర్చుని కాగితం చదవండి.

ఒక విషయం మాత్రం పరిశోధకులకు చెప్పాలి. 12 వారాల ట్రయల్ జనవరిలో మొదలుపెడితే అది సరిగ్గా మిరప కోతల మీద పడుతుంది. పత్తి తీతలు అప్పటికింకా పూర్తిగా అయిపోవు. ఆ మూడు నెలల కూలి మీదే ఏడాది నిలబడే ఇంట్లో, కోతకు వెళ్ళే మనిషి పదిహేను రోజులకోసారి హైదరాబాదు బస్సెక్కలేదు. బస్సు చార్జీ ఇస్తే చాలదు, పోయిన కూలీ ఇవ్వాలి. లేకపోతే ఆవిడ నాలుగో వారంలో మానేస్తుంది, ఆవిడను 'సహకరించని రోగి' అని రాసుకుంటారు. రోజూ రాత్రి వికారం ఎంత, ఉబ్బరం ఎంత అని అంకె వేయాల్సిన డైరీ ఉంటుంది ఈ ట్రయల్స్‌లో. రెండు షిఫ్టుల పని చేసి, వంట చేసి, పిల్లలను పడుకోబెట్టిన మనిషి ఆ డైరీ రాయాలంటే ఇంట్లో ఇంకొకరు పక్కన కూర్చోవాలి. భర్తలూ కొడుకులూ ఆ పని చేయగలరు.

ధర్మనిధి కమిటీకి నాదొక ప్రతిపాదన. ఈ నిధి మీద వచ్చే వడ్డీలో కొంత, సీటీఆర్‌ఐలో ఆంధ్ర, తెలంగాణ ఆసుపత్రుల్లో చేర్చుకుంటున్న ట్రయల్స్‌ను మూడు నెలలకోసారి తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేయడానికి ఖర్చుపెట్టండి. ఏ జబ్బు, ఏ ఊరు, ఎవరిని తీసుకుంటారు, ఎవరికి ఫోను చేయాలి, అంతే. గుంటూరు పెద్దాసుపత్రి ఓపీ గోడ మీద, మిర్చి యార్డు గేటు దగ్గర, మార్టూరు, అద్దంకి, సత్తెనపల్లి ఆరోగ్య కేంద్రాల్లో అంటించండి. గ్యాస్ట్రోపరేసిస్ మీద మొదటి కాగితం రాసి ఈ ఉదయం కార్యదర్శిగారికి ఇచ్చాను. హాలు బయట బల్ల మీద దాని నకళ్ళు ఉన్నాయి. తలా ఒకటి తీసుకెళ్ళి ఇంట్లో, పొలంలో, కూలికి వచ్చేవారికి చదివి వినిపించండి. ఏ వాక్యం దగ్గర వాళ్ళు ఆగి "అంటే ఏంటండీ" అన్నారో ఆ వాక్యం కింద గీత గీసి తిరిగి పంపండి, అచ్చుకు ఇచ్చేలోపు మారుస్తాను.